కారులో ఫ్యూజు పోతే ఎంతది వెయ్యాలి? ఎందుకు?

ఔటర్ రింగ్ రోడ్డు మీదో, ఏదో ఫ్లైఓవర్ మీదో కారు తగలబడిందన్న వార్త వస్తే చాలు, సాయంత్రానికల్లా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో అదే చర్చ. "షార్ట్ సర్క్యూట్ అయ్యుంటుంది" అని ఒకరు, "మరి ఫ్యూజు ఉంటుంది కదా, అదేం చేసినట్టు?" అని ఇంకొకరు, "బయట లైట్లు వేయించుంటారు" అని మరొకరు. మూడు మాటల్లోనూ కొంత నిజముంది. అయితే ఫ్యూజు ఏ పని చేస్తుందో, ఏ పని దాని చేతిలో లేదో తెలిస్తేగాని ఆ నిజం ఎంతవరకో తేలదు. రోజువారీ తిప్పల్లోనూ ఇదే గందరగోళం. హారన్ మోగదు, ఛార్జర్‌లో లైటు వెలగదు. డ్యాష్‌బోర్డు కింద మూత తీస్తే రంగురంగుల బిళ్లలు వరసగా కనిపిస్తాయి. వాటిలో పోయింది ఏది? దాని చోట వెయ్యాల్సింది ఏది?

## ఫ్యూజు కాపలా కాసేది తీగను

ఫ్యూజు అంటే కావాలనే బలహీనంగా చేసిన లోహపు ముక్క. కరెంటు దాని గుండానే వెళ్లాలి. హద్దు మీరితే మిగతా తీగకన్నా ముందు అదే వేడెక్కి కరిగిపోతుంది, దారి తెగుతుంది. ఇప్పటి కార్లలో వాడే బ్లేడ్ ఫ్యూజుల్లో ఈ ముక్కను ఎక్కువగా జింకు మిశ్రమంతో చేస్తారు. రెండు చదునైన కాళ్లు, వాటిని కలిపే సన్నని వంపు, పైన రంగు ప్లాస్టిక్ తొడుగు, దాని మీద ఆంపియర్లలో ఒక అంకె.

ఆ అంకె హారన్‌దో, లైటుదో అని చాలామంది అనుకుంటారు. హారన్ కాలిపోకుండా ఫ్యూజు పెట్టారని వాళ్ల ఊహ. కారు తయారుచేసేవాళ్ల లెక్క వేరు. పరికరం ఎంత కరెంటు తీసుకుంటుందో చూసి, దానికి సరిపడే మందంలో తీగ ఎంచుకుంటారు. ఆ తీగ ఇబ్బంది లేకుండా ఎంత మోయగలదో చూసి, అంతకు లోబడి ఫ్యూజు అంకె ఖాయం చేస్తారు. హారన్ పోతే విప్పి కొత్తది బిగించుకోవచ్చు. కార్పెట్ కింద, సీట్ల కింద, డ్యాష్‌బోర్డు వెనక కట్టలు కట్టి పంపిన తీగల్లో ఒకటి కరిగితే పక్క తీగల తొడుగు కూడా కరుగుతుంది. అక్కడి నుంచి మంట ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

పాత ఇళ్లలో మీటరు పక్కన పింగాణీ ఫ్యూజులు చూసినవాళ్లకి ఈ సంగతి కొత్త కాదు. మాటిమాటికీ పోతోందని రెండు పోగులు మెలిపెట్టి వేసేవాళ్లు. ఆ తర్వాత ఫ్యూజు పోయేది కాదు, గోడలోని తీగే వేడెక్కేది.

## 10 ఆంపియర్ల చోట 30 వేస్తే: ఒక లెక్క

అర చదరపు మిల్లీమీటరు మందమున్న రాగి తీగను తీసుకుందాం. చిన్న లైట్లకీ, స్విచ్చులకీ వాడే సన్నని తీగ ఇది. మీటరు పొడవుకి దీని నిరోధం సుమారు 0.035 ఓములు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 10 ఆంపియర్లు పారితే మీటరుకి 3.5 వాట్ల వేడి. అదే తీగలో 25 ఆంపియర్లు పారితే దాదాపు 22 వాట్లు. కరెంటు రెండున్నర రెట్లు పెరిగితే వేడి ఆరు రెట్లు దాటింది. ఆ తీగ గాలాడని కట్ట మధ్యలో ఉంటుంది. దాని మీది సాధారణ పీవీసీ తొడుగు తట్టుకునేది 100 డిగ్రీల చుట్టుపక్కలే.

10 ఆంపియర్ల ఫ్యూజుంటే ఈ పరిస్థితి ఎక్కువసేపు ఉండదు. బ్లేడ్ ఫ్యూజు రాసిన అంకెకి రెట్టింపు కరెంటు వస్తే 5 సెకన్లలోపు, 135 శాతం వస్తే 10 నిమిషాల్లోపు కరగాలన్నది వాటి తయారీ లెక్క. 110 శాతం దగ్గర మాత్రం కనీసం 100 గంటలు నిలవాలి. అంటే అంకె దాటగానే టప్పున తెగే వస్తువు కాదది. కరెంటు ఎంత ఎక్కువైతే అంత తొందరగా తెగుతుంది. మన ఉదాహరణలో 25 ఆంపియర్లంటే 250 శాతం, 10 ఆంపియర్ల ఫ్యూజు కొన్ని సెకన్లలో పోతుంది. దాని చోట 30 ఉంటే? 25 దాని హద్దు లోపలే ఉంది కాబట్టి అది గంటలకొద్దీ కదలదు. తీగ మాత్రం కాలుతూనే ఉంటుంది.

"మేం ఎన్నో బండ్లకి 30 వేశాం, ఏమీ కాలేదు" అనే మెకానిక్ మాటను కూడా ఇక్కడే అర్థం చేసుకోవాలి. ఆయన అబద్ధం చెప్పడం లేదు. కారులో బ్యాటరీ నెగటివ్ బాడీకే కలిపి ఉంటుంది. కరెంటున్న తీగ ఎక్కడ బాడీకి తగిలినా నేరుగా షార్టే. మూడు మీటర్ల సన్నని తీగ చివర అలా తగిలితే దారిలో మొత్తం నిరోధం 0.12 ఓముల దాకా ఉంటుందనుకుందాం. బ్యాటరీ 12 వోల్టులను 0.12తో భాగిస్తే 100 ఆంపియర్లు. అంత కరెంటుకి 10 ఫ్యూజే కాదు, 30 ఫ్యూజు కూడా సెకను తిరక్కుండానే పోతుంది. నిఖార్సైన షార్ట్ విషయంలో పెద్ద ఫ్యూజు కూడా చాలావరకు తన పని చేస్తుంది. ప్రమాదమంతా మధ్య దశలో ఉంది. బిగుసుకుపోయిన మోటారు, తడిసిన కనెక్టరు, అదనంగా తగిలించిన లైట్లు తీగ మోయగలిగినదానికన్నా ఎక్కువ, 30 కన్నా తక్కువ లాగుతుంటాయి. అప్పుడు తీగకి కాపలా ఎవరూ లేరు. సిగరెట్ పెట్టెలోని రేకు చుట్టినా, రాగి పోగు కట్టినా ఇదే కథ, ఇంకా దారుణంగా. ఆ రేకు ఎంత దగ్గర తెగుతుందో దానికి అంకే లేదు.

చిన్న ఫ్యూజు వేస్తే ప్రమాదం లేదు గాని చిరాకు ఉంది. మోటార్లు, బల్బులు మొదలయ్యే క్షణంలో మామూలుకన్నా ఎక్కువ కరెంటు లాగుతాయి. 15 ఉండాల్సిన చోట 10 వేస్తే ఒకరోజు బాగానే ఉండి మరోరోజు పోతుంది. చేతిలో సరైనది లేనప్పుడు ఇంటికి చేరేదాకా తక్కువది వాడొచ్చా అంటే, తీగ వైపు నుంచి చూస్తే అభ్యంతరం లేదు. ఎక్కువది మాత్రం ఆ కాస్త దూరానికీ సరికాదు.

## బాక్సు ఒకటి కాదు, కనీసం రెండు

చాలా కార్లలో బానెట్ కింద బ్యాటరీ పక్కన ఒక నల్లటి పెట్టె ఉంటుంది. రేడియేటర్ ఫ్యాన్, ఏబీఎస్, ఎలక్ట్రిక్ స్టీరింగ్, హెడ్‌లైట్ల లాంటి ఎక్కువ కరెంటు తీసుకునేవాటి ఫ్యూజులు అందులో ఉంటాయి. కొన్నింటిని వేళ్లతో పీకలేం, స్క్రూలతో బిగించి ఉంటారు. రెండో బాక్సు లోపల, డ్రైవర్ మోకాళ్ల దగ్గరో గ్లవ్‌బాక్స్ వెనకో ఉంటుంది. పవర్ విండోలు, ఆడియో, ఛార్జింగ్ సాకెట్, రూమ్ లైటు వగైరా అక్కడ. బానెట్ కింది పెట్టెలో ఓ చిన్న ప్లాస్టిక్ పటకారు, ఒకటి రెండు స్పేర్ ఫ్యూజులు చాలాసార్లు దొరుకుతాయి. వాటిని ఏళ్ల తరబడి గమనించనివాళ్లే ఎక్కువ.

లోపలి ఫ్యూజుకి కరెంటు చాలావరకు బయటి పెట్టెలోని పెద్ద ఫ్యూజు గుండానే వస్తుంది. అందుకే లోపల అన్నీ బాగున్నా ఒక వరస మొత్తం పనిచేయకపోతే, తప్పు బయటి పెట్టెలో ఉండొచ్చు.

మూత లోపలి వైపునా, ఓనర్ మాన్యువల్లోనూ ఒక పటం ఉంటుంది. అందులోని పొట్టి అక్షరాలే అసలు తలనొప్పి. 'ఏసీసీ' అంటే ఎయిర్ కండిషనర్ అనుకునేవాళ్లు చాలామంది. అది యాక్సెసరీ. తాళం మొదటి మెట్టులో కరెంటు వచ్చే ఆడియో, సాకెట్ లాంటివి. ఏసీ కోసం 'ఏ/సీ' అనో, బ్లోయర్ కోసం 'హెచ్‌టీఆర్' అనో వేరే రాస్తారు. 'స్టాప్' అంటే బ్రేక్ లైట్లు. 'టెయిల్' కింద వెనక చిన్న లైట్లతో పాటు నంబర్ ప్లేట్ లైటు కూడా ఉండొచ్చు. 'డోమ్' అంటే రూమ్ లైటు. 'ఐజీ' అంటే ఇగ్నిషన్ వేస్తేనే కరెంటు వచ్చేవి. 'ఎల్‌హెచ్', 'ఆర్‌హెచ్' అంటే ఎడమ, కుడి. ఒకే పేరుతో వచ్చే కారులో కూడా వేరియంట్‌ని బట్టి, తయారైన ఏడాదిని బట్టి వరస మారుతుంది. యూట్యూబ్‌లో ఇంకెవరో తమ కారులో చూపించిన మూడో నంబరు మీ కారులో హారన్‌ది కాకపోవచ్చు.

హ్యుందాయ్, కియా కార్లలో కొన్నింటికి లోపలి బాక్సులో ఫ్యూజు స్విచ్ అని ఒకటి ఉంటుంది. బండి ఎక్కువ రోజులు నిలిపి ఉంచినప్పుడు బ్యాటరీ దిగకుండా దాన్ని ఆఫ్ చేస్తారు. ఎవరో పొరపాటున నొక్కితే రూమ్ లైటు, ఆడియో వగైరా ఆగిపోతాయి. పోయిన ఫ్యూజు కోసం గంటసేపు వెతికినా దొరకదు, ఎందుకంటే పోయిందేమీ లేదు.

## రంగు చూసి మోసపోవచ్చు

సాధారణ, మినీ సైజు ఫ్యూజుల్లో రంగులకి ఒక ప్రమాణం ఉంది. 5 లేత గోధుమ రంగు, 7.5 ముదురు గోధుమ, 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 25 తెలుపు లేదా పారదర్శకం, 30 ఆకుపచ్చ. అదే మాక్సీ అనే పెద్ద సైజులోకి వస్తే ఎరుపంటే 50, నీలమంటే 60. కాబట్టి రంగు కంటికి ఆనవాలు మాత్రమే, నమ్మాల్సింది అంకెనే.

సాధారణ ఫ్యూజు వెడల్పు దాదాపు 19 మిల్లీమీటర్లు, మినీ 11, మైక్రో2 అంతకన్నా చిన్నది. కాళ్లు పొట్టిగా ఉండే లో ప్రొఫైల్ మినీ ఇంకో రకం. మైక్రో3కి మూడు కాళ్లు, అందులో రెండు సర్క్యూట్లు. రాణీగంజ్‌లో స్పేర్ పార్టుల షాపుకి వెళ్లి "15 ఫ్యూజు" అంటే సరిపోదు. పోయినదాన్ని చేతిలో పట్టుకెళ్తే సైజు తేడా రాదు. కాళ్లు సరిగ్గా దూరని ఫ్యూజును నొక్కి కూర్చోబెడితే లోపలి క్లిప్పు వదులవుతుంది. ఆ నష్టం సంగతి కింద చెప్తాను.

నకిలీల సమస్య కూడా ఉంది. వందల ఫ్యూజులతో చవగ్గా వచ్చే పేరులేని డబ్బాల్లో కొన్ని, రాసిన అంకెని బాగా దాటినా కరగవు. బయటికి రంగు, అంకె అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి.

## ఒకేసారి ఏవేవి ఆగాయి?

ఏ ఫ్యూజు పోయిందో తేల్చడానికి మూత తీయకముందే సగం జవాబు దొరుకుతుంది. ఉదాహరణకి కుటుంబమంతా విజయవాడ హైవే ఎక్కారు. దారిలో టైరులో గాలి తగ్గిందని సాకెట్‌కి గాలి పంపు తగిలించారు. రెండు నిమిషాలు నడిచి ఆగింది. తర్వాత ఫోన్ ఛార్జర్ కూడా పనిచేయడం లేదు. సాకెట్ మూత మీద 120 వాట్లు అని ఉంటుంది. 12 వోల్టులతో భాగిస్తే 10 ఆంపియర్లు. చిన్న పంపులు చాలావరకు ఆ హద్దు దగ్గరే తిరుగుతాయి. గాలి ఒత్తిడి పెరిగేకొద్దీ ఇంకాస్త ఎక్కువ లాగుతాయి. దానికి తోడు సైడు అద్దాలు మడవడం, ఆడియో కూడా ఆగిపోయాయా? అయితే ఆ మూడూ ఒకే ఫ్యూజు మీదున్నాయన్నమాట. పటంలో ఆ మూడు పేర్లూ కలిసున్న గడి వెతికితే చాలు. సాకెట్ ఒక్కటే ఆగితే ముందు దాని లోపలికి చూడాలి. రూపాయి బిళ్ల పడి షార్ట్ అయిన సందర్భాలు తక్కువేం కాదు.

ఆగనివి కూడా సాక్ష్యమే. ఎడమ హెడ్‌లైటు వెలగక కుడిది వెలుగుతుంటే స్విచ్ బాగున్నట్టే. బల్బో, ఎడమవైపు ఫ్యూజో చూడాలి. రెండూ ఒకేసారి ఆరితే రిలే మీదికి అనుమానం వెళ్తుంది. ఫ్యూజు బాక్సులోనే చిన్న డబ్బాల్లా ఉండే రిలేలు చిన్న కరెంటుతో పెద్ద కరెంటును తెరిచి మూసే స్విచ్చులు. పక్కనే అదే నంబరున్న మరో రిలే ఉంటే మెకానిక్‌లు రెంటినీ మార్చి చూస్తారు, తప్పు వెంటనే బయటపడుతుంది.

ఇక ఫ్యూజును వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే లోపలి వంపు కనిపిస్తుంది. మధ్యలో సన్నగా కరిగి చిన్న సందు పడి, ప్లాస్టిక్ శుభ్రంగా ఉంటే సాధారణంగా కొద్దిపాటి అదనపు భారం మోసి మోసి పోయిందని అర్థం. లోపల నల్లగా మసి పట్టి, లోహం చిమ్మినట్టుంటే ఒక్కసారిగా భారీ కరెంటు వచ్చింది, షార్ట్ కోసం వెతకాలి. వంపు బాగానే ఉండి కాలు దగ్గర ప్లాస్టిక్ మెత్తబడి ఉంటే అది మూడో రకం రోగం, దాని సంగతి చివర్లో వస్తుంది. కంటికి కనపడని సన్నని బీట కూడా ఉండొచ్చు కాబట్టి మీటరు మాటే ఖాయం. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలు మల్టీమీటర్ ఇందుకు చాలు. ఫ్యూజు పైభాగంలో రెండు చుక్కల్లాంటి లోహపు భాగాలు కనిపిస్తాయి. ఇగ్నిషన్ వేసినప్పుడు రెండు చుక్కల దగ్గరా 12 వోల్టులు చూపిస్తే ఫ్యూజు బాగుంది. ఒకచోటే చూపిస్తే పోయింది. రెండుచోట్లా సున్నా అయితే కరెంటు అసలు అక్కడిదాకా రావడం లేదు.

## కొత్తది వేసిన వెంటనే మళ్లీ పోతే

ఒకసారి పోయిన ఫ్యూజు మారిస్తే నెలలు నడవడం మామూలే. వెంటనే పోతే అది ఫ్యూజు జబ్బు కాదు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో దీనికి మొదటి ముద్దాయి ఎలుక. సెల్లార్‌లో వారం రోజులు కదలని కారు బానెట్ కింద వెచ్చగా, చీకటిగా ఉంటుంది. తీగల తొడుగు కొరికితే రాగి బయటపడి బాడీకి తగులుతుంది. స్టీరింగ్ తిప్పినప్పుడో, గుంతలో పడినప్పుడో మాత్రమే తగిలితే ఫ్యూజు ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఈ రకమే వెతకడానికి కష్టం.

రెండోది నీళ్లు. 2020 అక్టోబరు వరదల్లో సెల్లార్లలో మునిగిన కార్ల సంగతి నగరం మరిచిపోలేదు. సీట్లు, కార్పెట్ ఆరినా కనెక్టర్ల లోపల పచ్చటి తుప్పు పట్టడం తర్వాత మొదలవుతుంది. అందుకే నీళ్లలో నిలిచిన కారులో విద్యుత్ సమస్యలు వారాల తర్వాత తలెత్తడం మామూలే.

## అదనపు లైట్లు, కెమెరాలు: ఎవరి వాదన ఎంతవరకు

హెచ్4 హెడ్‌లైట్ బల్బు మామూలుగా 60/55 వాట్లు. వెలుతురు చాలడం లేదని 100/90 వేయించుకునేవాళ్లున్నారు. 60 వాట్లకి 5 ఆంపియర్లు, 100 వాట్లకి 8.3. ఒక్కోవైపు 10 ఫ్యూజు ఉన్న కారులో 8.3 హద్దు లోపలే కదా అని షాపువాళ్లు అంటారు. అంకెల ప్రకారం ఆ మాట తప్పు కాదు. అయితే ఫ్యూజు మీద నిరంతరం పారే కరెంటు దాని అంకెలో 75 శాతం దాటకుండా చూసుకోవాలన్నది తయారీదారుల సూచన. అది కూడా 25 డిగ్రీల దగ్గర కొలిచిన అంకె. 42 డిగ్రీల ఎండలో, బానెట్ కింద ఇంకా వేడిగా ఉన్న పెట్టెలో ఫ్యూజు మోయగలిగేది అంతకన్నా తక్కువే. అలా కొన్నాళ్లకి పోతుంది. అప్పుడు 20 వేస్తారు. తర్వాత మెత్తబడేది బల్బు వెనక కప్లర్, అంటే తీగల్ని బల్బుకి కలిపే ప్లాస్టిక్ కనెక్టరు.

బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి తీగ, దాని మొదట్లోనే సొంత ఫ్యూజు, ఒక రిలే పెట్టే పద్ధతి ఇంతకన్నా చాలా మేలు. పాత తీగ మీద భారం పడదు. కానీ రిఫ్లెక్టర్ మీద పడే వేడి, ఎదుటివాళ్ల కళ్లలో పడే వెలుతురు అలాగే ఉంటాయి. వాటికి వైరింగ్‌లో జవాబు లేదు.

డ్యాష్‌క్యామ్ బిగించేటప్పుడు "వైరు కట్ చేయం, కప్లర్ టు కప్లర్" అంటారు. వారంటీ దృష్టితో అది నిజంగా ఉపయోగమే, తొడుగు తెగదు, అతుకులుండవు. కానీ కొత్త భారం పాత ఫ్యూజు మీదే పడుతుందన్నది ఆ మాటలో వినిపించదు. డ్యాష్‌క్యామ్‌కి ఒక ఆంపియర్ చాలు కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. ఎక్కువ కరెంటు లాగే సబ్‌వూఫర్ ఆంప్లిఫయర్‌కి ఇదే పద్ధతి పనికిరాదు. ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజు నుంచి తీసుకుంటే కెమెరా పార్కింగ్‌లోనూ నడుస్తుంది, సంక్రాంతికి ఊరెళ్లొచ్చేసరికి బ్యాటరీ దిగిపోయి ఉండొచ్చు.

## ఫ్యూజుకి కనపడని వేడి

ఫ్యూజు ఉన్నా కారు ఎందుకు కాలుతుందన్న ప్రశ్నకి నా దృష్టిలో ముఖ్యమైన జవాబు ఇక్కడుంది. ఫ్యూజు చూసేది కరెంటు ఎంత ఉందన్నది మాత్రమే, వేడి ఎక్కడుందన్నది కాదు. వదులైన కనెక్టర్‌లో 0.1 ఓము అదనపు నిరోధం వచ్చిందనుకుందాం. 10 ఆంపియర్లు పారితే అక్కడ, గోరంత చోటులో, 10 వాట్ల వేడి పుడుతుంది. నిరోధం పెరిగింది కాబట్టి కరెంటు తగ్గుతుందే గాని పెరగదు. 15 ఫ్యూజు నిశ్చింతగా ఉంటుంది. ప్లాస్టిక్ మాత్రం గోధుమ రంగుకి, తర్వాత నలుపుకి తిరుగుతుంది. కాలు దగ్గర మెత్తబడిన ఫ్యూజు చెప్పేది ఈ సంగతే. అక్కడ ఫ్యూజు మారిస్తే సరిపోదు, క్లిప్పో కనెక్టరో మార్చాలి. తీగలు మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు కూడా ఈ కోవలోకే వస్తాయి.

ఇంకోటి, చాలా పెట్రోల్, డీజిల్ కార్లలో బ్యాటరీ నుంచి స్టార్టర్‌కి వెళ్లే లావు కేబుల్‌కి ఫ్యూజు ఉండదు. స్టార్టర్ వందల ఆంపియర్లు లాగుతుంది. ఢీకొన్నప్పుడు ఆ కేబుల్ నలిగి బాడీకి తగిలితే ఆపేది లేదు. ఇంధనం కారి వేడి సైలెన్సర్ మీద పడితే మొదలయ్యే మంటకి విద్యుత్తుతో పనే లేదు.

## బైకులు, ఎలక్ట్రిక్ కార్లు

మోటార్‌సైకిళ్లలో చాలావాటికి సీటు కింద బ్యాటరీ పక్కన ఒకటి రెండు ఫ్యూజులే ఉంటాయి. మెయిన్ ఫ్యూజు పోతే సెల్ఫ్, హారన్, ఇండికేటర్లు అన్నీ ఒకేసారి ఆగుతాయి. వెతకడం తేలిక. కానీ ఒక్క ఫ్యూజు మీద అంత బరువుంది కాబట్టి అదనపు లైట్లు దాని నుంచే తీయడం కారులోకన్నా ఎక్కువ ఇబ్బంది.

ఎలక్ట్రిక్ కారులో కూడా 12 వోల్టుల బ్యాటరీ, మామూలు ఫ్యూజు బాక్సు ఉంటాయి. ఇప్పటిదాకా చెప్పినదంతా వాటికి వర్తిస్తుంది. నారింజ రంగు కేబుళ్లు మాత్రం వేరే లోకం. అక్కడ వందల వోల్టులుంటాయి, వాటి ఫ్యూజులు శిక్షణ పొందినవాళ్లు తప్ప ముట్టుకోకూడనివి. కొన్ని కొత్త కార్లలో 12 వోల్టుల వైపు కూడా కరిగే ఫ్యూజు బదులు ఎలక్ట్రానిక్ ఫ్యూజులు వస్తున్నాయి. కరెంటు హద్దు దాటితే చిప్ దారి మూస్తుంది, తప్పు పోయాక మళ్లీ తెరుస్తుంది. అలాంటి సర్క్యూట్‌లో బయటికి తీసి వెలుతురుకి పట్టి చూసేదేమీ ఉండదు, స్కానర్‌లో వచ్చిన కోడ్‌ని బట్టే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది.